పొట్లం తిండి, బండి తిండి



ఎద్దుకు దాణా ఎంత పెట్టాలో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. దుక్కుల రోజుల్లో గానుగపిండి, ఉలవలు, తవుడు కలిపి పెడతారు. పని లేని రోజుల్లో ఆ పాళ్ళు తగ్గించి మేతతో సరిపెడతారు. పని లేని ఎద్దుకు దుక్కి రోజుల దాణా పెడితే అది ఒళ్ళు చేసి కాడికి పనికిరాకుండా పోతుందని తాతలనాటి నుంచి మనకు తెలిసిన సంగతే. పశువు విషయంలో ఇంత లెక్క చూసే మనం, మన ఒంటి విషయంలో, మన పిల్లల ఒంటి విషయంలో ఆ లెక్క చూస్తున్నామా? ఈ పూట నేను మీ ముందు పెట్టదలచిన ప్రశ్న ఇదే.

“వ్యవసాయం వాళ్ళకు తిండి సంగతులెందుకు? అవి డాక్టరు గారు చెప్పవలసినవి గదా!” అని మీలో కొందరు అనుకోవచ్చు. నేను వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణే గాని వైద్యుణ్ణి కాను. అయితే రోజూ పొలాల వెంట తిరిగేవాణ్ణి. మధ్యాహ్నం గట్ల మీద సద్దులు విప్పే వేళకు అక్కడే ఉంటాను. ఆ సద్దిమూటల్లో ఇవాళ ఏమి ఉంటున్నదో, ఏమి ఉండడం లేదో కళ్ళారా చూస్తున్నాను. పైగా మనం పండించిన మక్కలు, గోధుమలు, ఆలుగడ్డలు ఏ రూపం ధరించి తిరిగి మన ఇంటికే వస్తున్నవో తెలుసుకోవడం వ్యవసాయంలో భాగమే.

ఫాస్ట్ ఫుడ్ అనే మాట అమెరికా నుంచి వచ్చింది. అక్కడ 1948లో కాలిఫోర్నియాలో మెక్‌డొనాల్డ్ సోదరులు తమ హోటలును మార్చి, వంటను కార్ఖానా పనిలాగా వాటాలు వేసి, నిమిషాల్లో తిండి చేతికిచ్చే పద్ధతి పెట్టారు. ఆ సంస్థ మన దేశంలో మొదటి దుకాణం తెరిచింది 1996లో. కాని మన మండల కేంద్రాల్లో ఫాస్ట్ ఫుడ్ అంటే ఎవరికీ ఆ దుకాణం గుర్తుకు రాదు. సాయంత్రం ఆరు దాటగానే బస్టాండు దగ్గర వెలిగే బండి గుర్తుకొస్తుంది. పెద్ద మంట, దాని మీద ఇనుప బాణలి, అందులో టకటకమని గరిటె చప్పుడు, గుడ్డు ఫ్రైడ్ రైసు, నూడుల్సు, గోబీ మంచూరియా. బండివాడు మన ఊరి పిల్లగాడే. ఎండనక వాననక నిలబడి బతుకుతున్నవాడు. అతనిమీద నాకేమీ కోపం లేదు. నెలకొకసారి, పండుగకో పబ్బానికో తింటే కొంప మునిగేదీ లేదు. వారంలో నాలుగు రాత్రులు అదే భోజనమైనప్పుడు మాత్రం ఆలోచించవలసి వస్తుంది.

ఇక పగటి పూట సంగతి. ఏ ఊరి కిరాణా కొట్టు ముందు చూసినా రంగురంగుల పొట్లాలు పెళ్ళిపందిట్లో దండల్లాగా వేలాడుతుంటాయి. బడికి పోయే పిల్లవాడు ఒకటి తెంపుకొని పోతాడు. అంగన్‌వాడీకి పోయే పాప చేతిలో కూడా అదే. ఒక అవ్వ నాతో అన్నది: “ఏం చేయాలె సారూ, మా మనుమడు అన్నం ముట్టడు. గీ పుడ చేతుల పెడితెనే బడికి పోతడు.”

ఈ పుడ లెక్క కొంచెం చూద్దాం. ఐదు రూపాయల మక్క పఫ్పుల పొట్లం మీద బరువు ముద్రించి ఉంటుంది, చదవండి. పన్నెండు గ్రాములు ఉందనుకుందాం. అంటే కిలో నాలుగు వందల రూపాయల పైమాటే. అందులో ముఖ్యమైన ముడిసరుకు మక్క రవ్వ, బియ్యపు పిండి. 2025–26 ఖరీఫు పంటకు కేంద్ర ప్రభుత్వం మక్కలకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు, అంటే కిలో 24. ఆ ధరైనా దక్కడానికి మార్కెట్టు యార్డులో మనం ఎన్ని రాత్రులు కాపలా పడుకుంటామో చెప్పనక్కరలేదు. ఆ మక్కనే ఉబ్బించి, నూనె, ఉప్పు, మసాలా పట్టించి, గాలి నింపి కట్టిన పొట్లాన్ని మనమే పదహారు పదిహేడు రెట్ల ధరకు కొని పిల్లవాడి చేతిలో పెడుతున్నాం. కార్ఖానావాడికి యంత్రాలు, లారీలు, ప్రకటనల ఖర్చు ఉంటుంది, కాదనను. ఆ ఖర్చంతా మన జేబులో నుంచే పోతున్నదని మాత్రం జ్ఞాపకముంచుకోండి.

అదే ఐదు రూపాయలకు, మద్దతు ధర లెక్కన, 70 గ్రాముల దాకా పల్లికాయ వస్తుంది. పొట్టు తీస్తే 45 గ్రాములకు తక్కువ కాకుండా గింజలు. వాటిలో 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. ఉడికించి ఇచ్చినా సరే, బెల్లంతో పట్టీ చేసి ఇచ్చినా సరే. ఇక్కడ ఒక మాట మధ్యలో చెప్పాలి. బూజు పట్టిన గింజలు, ముడుచుకుపోయి రంగు మారిన గింజలు ఏరి పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. అది కాలేయానికి చేటు. కాయలు బాగా ఎండకుండా సంచుల్లో నింపితే ఈ బాధ వస్తుంది. గింజను నమిలితే పటుక్కున విరగాలి, అంతవరకు ఎండబెట్టండి.

ఇంతకూ పొట్లం తిండిలోనూ బండి తిండిలోనూ ఉన్న చెడుగు ఏమిటి? మీకు తెలిసిన పోలికతోనే చెబుతాను. వరికి యూరియా ఒక్కటే వేస్తూ పోయారనుకోండి. చేను నల్లగా, ఏపుగా లేస్తుంది. చూసినవారు భేష్ అంటారు. గింజ పట్టే వేళకు అగ్గితెగులు, దోమపోటు, ఒక గాలివాన రాగానే పడిపోవడం. పొటాష్, జింకు, సేంద్రియపుటెరువు అందని చేనుకు ఆకు ఉంటుంది గాని బలం ఉండదు. మైదా, నూనె, చక్కెర, ఉప్పు, ఈ నాలుగింటితో పెరిగే ఒళ్ళు కూడా ఇంతే. గోధుమ గింజ పైపొట్టునూ మొలకభాగాన్నీ తీసేసి, లోపలి తెల్లటి పిండి మాత్రమే ఆడితే మైదా అవుతుంది. పొట్టుతోపాటు పీచు, విటమినులు, ఖనిజ లవణాలు పోతాయి. వంద గ్రాముల జొన్నల్లో పీచు పది గ్రాముల దాకా ఉంటే మైదాలో మూడు గ్రాములు కూడా ఉండదు. పీచు తక్కువైతే పిండి పదార్థం త్వరగా అరిగి, రక్తంలోకి చక్కెర ఒక్కసారిగా వరదలా వస్తుంది. మళ్ళీ గంటన్నరకే ఆకలి. పిల్లవాడు ఇంకొక పొట్లం అడిగేది అందుకే.

ఈ తిండిని మనిషి తనకు తెలియకుండానే ఎక్కువ తింటాడని కూడా తేలింది. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థవారు 2019లో ప్రకటించిన ఒక పరీక్ష ఉన్నది. ఇరవై మందిని నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు కార్ఖానా తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. ఎవరికి ఎంత కావాలంటే అంత తినవచ్చునన్నారు. ముందు పెట్టిన తిండిలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు విధాలా సమానంగా ఉండేటట్లు చూశారు. అయినా కార్ఖానా తిండి తిన్న రోజుల్లో మనిషి రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిన్నాడు. రెండు వారాల్లో కిలో దాకా బరువు పెరిగాడు. వండిన తిండి తిన్న రెండు వారాల్లో అంత బరువూ తగ్గాడు. మెత్తటి తిండి నమలకుండానే త్వరత్వరగా దిగిపోతుంది, కడుపు నిండిందన్న కబురు అందేలోపే కంచం ఖాళీ అవుతుంది. జొన్నరొట్టె అలా మింగుడు పడదు. దాన్ని నమలాలి, నమిలే శ్రమ దానికదే ఒక కట్టుబాటు.

ఇక మొదట చెప్పిన ఎద్దు దాణా దగ్గరికి వద్దాం. భారత వైద్య పరిశోధన మండలివారు 2020లో వేసిన లెక్క ప్రకారం బరువు పని చేసే మగవానికి రోజుకు 3,470 కేలరీలు కావాలి. మధ్యరకం పని చేసేవానికి 2,710. కూర్చుని పని చేసేవానికి 2,110 చాలు. మన నాయనలు నాగలి వెంట రోజుకు ఎన్ని మైళ్ళు నడిచేవారో ఎవరూ లెక్కించలేదు గాని, మొదటి అంకె వారిది. ఇవాళ దుక్కికి ట్రాక్టరు, కోతకు హార్వెస్టరు, మందు చల్లడానికి డ్రోను, పొలానికి పోవడానికి మోటారు సైకిలు. ఇవి వద్దని నేను చెప్పను. వాటిని తెచ్చి చూపించేది మా శాఖే. అయితే పని మూడో అంకెకు దిగింది, కంచం మొదటి అంకె దగ్గరే నిలిచింది. దానిమీద బండి తిండి ఒకటి. గరిటెడు నూనె ముప్పై గ్రాములనుకుంటే అందులోనే 270 కేలరీలు. అవి కరగాలంటే ఇంచుమించు గంటసేపు వడిగా నడవాలి. బండి దగ్గర ఒక ప్లేటుకు గరిటె ఒకసారి వంగుతుందో, రెండుసార్లు వంగుతుందో మీరే చూడండి.

దీని ఫలితం ఎట్లా ఉన్నదంటే, 2023లో వెలువడిన అఖిల భారత అధ్యయనం ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు పది కోట్ల పైచిలుకు. ఆ వ్యాధికి ముందు మెట్టు మీద ఉన్నవారు మరి పదమూడున్నర కోట్లు. చక్కెర వ్యాధి పట్నాల్లో నూటికి పదహారు మందికి ఉంటే పల్లెల్లో తొమ్మిది మందికి ఉన్నది. ఇంతవరకు పల్లె నయమే. కాని ముందు మెట్టు సంగతి చూస్తే పట్నంలోనూ, పల్లెలోనూ సమానంగా నూటికి పదిహేను మంది. అంటే పల్లె కూడా అదే బండి ఎక్కి కూర్చున్నది, దిగే స్టేషను వెనకాముందుగా వస్తుందంతే. దీనికంతటికీ బండి తిండి ఒక్కటే కారణమని నేననడం లేదు. పాలిష్ బియ్యం మూడు పూటలా తినడం, నడక తగ్గడం, పొగాకు, సారా, వంశపారంపర్యం, అన్నీ ఉన్నాయి.

రైతుకు ఈ వ్యాధి వస్తే జరిగే నష్టం ఆఫీసు గుమాస్తాకు జరిగేదానికంటె ఎక్కువ. ఎందుకో చెబుతాను. మా క్లస్టరులో ఒక రైతు, నలభై దాటి రెండేళ్ళు. చక్కెర ఉందని అతనికి తెలియదు. ఈ వ్యాధి ముదిరితే పాదాల్లో స్పర్శ మందగిస్తుంది. నారుమడిలో కాలికి గాజుపెంకు దిగితే అతనికి తెలియనే లేదు. బురదలో రెండు రోజులు నాటు పని చూసుకున్నాడు. మూడో రోజు భార్య చూసి, “కాలు గిట్లెందుకు వాచిందయ్యా?” అంటే అప్పుడు చూసుకున్నాడు. రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. ఇప్పుడు అతను గట్టు మీద కూర్చుని కూలీలకు పని చెబుతాడు. మూడెకరాల ఆసామికి కూలి ఖర్చు అంతా పైన పడితే మిగిలేదేమిటో మీకు నేను చెప్పాలా? ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికి చక్కెర, రక్తపు పోటు పరీక్షలు ఊరి ఉపకేంద్రంలో ఉచితంగా చేస్తారు. ఆశా కార్యకర్తను అడగండి. భూసార పరీక్షకు మట్టి ఇచ్చే మనిషి వేలి నుంచి ఒక రక్తపు చుక్క ఇవ్వడానికి సందేహించనక్కరలేదు.

సౌకర్యం కోసం ఆరోగ్యం పోగొట్టుకోవడం మనకు ఇది మొదటిసారి కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టుక ఎట్లాగో తెలుసునా? 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద విచారణ కోసం మెక్‌కారిసన్ దొరగారు ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన ప్రయోగశాల అది. 1958లో హైదరాబాదుకు తరలించారు. బియ్యం మరలు వచ్చి దంపుడు శ్రమ తప్పించాయి, సంతోషమే. కాని తెల్లగా మెరుగుపెట్టిన బియ్యం మీదనే బతికినవారికి తవుడుతోపాటు బి-1 విటమిను పోయి కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆ తవుడు అప్పుడు మన పశువులు తిన్నాయి. ఉప్పుడు బియ్యం తినేవారికి ఆ బాధ అంతగా రాలేదు, వడ్లు ఉడికేటప్పుడు విటమిను గింజలోకి ఇంకుతుంది గనుక. నాడు మర చేసిన పనిని నేడు పెద్ద కార్ఖానాలు గోధుమకు, మక్కకు, ఆలుగడ్డకు చేస్తున్నాయి.

ఇప్పుడు ఏమి చేయాలన్నది. పొట్లం కొనేముందు వెనక వైపు తిప్పి చదవండి. దినుసుల పేర్లు బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాయాలని చట్టం ఉన్నది. మొదటి మూడు పేర్లలో మైదా, పామాయిలు, చక్కెర ఉంటే అందులో ఏమున్నదో తెలిసిపోయినట్లే. పామాయిలు గెలలు మన ఖమ్మం, ఏలూరు జిల్లాల రైతులే పండిస్తున్నారు, ఆ పంటను నేను నిందించడం లేదు. ఏ నూనె అయినా మితిమీరితేనే ముప్పు. కూల్ డ్రింకుల్లో వంద మిల్లీలీటర్లకు సుమారు పది గ్రాముల చక్కెర ఉంటుంది. పావులీటరు సీసాతో 25 గ్రాములు దాటుతుంది, అంటే ఐదారు చెంచాలు. చేర్చిన చక్కెర రోజు మొత్తానికి 25 గ్రాములలోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మాట. పత్తి చేలో ఎండకు వడలిన కూలీలకు కూల్ డ్రింకు తెప్పించడం ఈ మధ్య మర్యాద అయింది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కుండెడు పంపండి. దాహం తీరుతుంది, చెమటలో పోయిన ఉప్పు కూడా తిరిగి వస్తుంది.

బండి నడిపే తమ్ముళ్ళకు కూడా ఒక మాట. మాడిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచవద్దు. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కట్టి, వేడెక్కకముందే పొగ వస్తుంటే అది విషమైనట్లే లెక్క. కాచిన నూనె చెడిపోవడానికి 2018 నుంచి చట్టంలో ఒక హద్దు పెట్టారు. వనస్పతి వంటి వాటిలో ట్రాన్స్ కొవ్వును 2022 జనవరి నుంచి నూటికి రెండు పాళ్ళకు మించనివ్వరాదన్నారు. కాని బండి బాణలి దగ్గరికి ఇన్‌స్పెక్టరు రోజూ రాలేడు. క్యారెటు, బీన్సు, క్యాబేజీ పాలు పెంచి, నూనె సగం చేసి, గుడ్డు ఒకటి ఎక్కువ కొట్టండి. గిరాకీ తగ్గదు. బడి ఆవరణకు 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మరాదని కూడా నియమం ఉన్నది. గ్రామ పంచాయతీవారు ఇది చూసుకోవచ్చు.

ఇంటి సంగతికి వస్తే, నేను రొట్టె చేసుకోండి, అంబలి కాచుకోండి అని సభలో చెబుతుంటే ఒక అక్క లేచి నిలబడి అడిగింది: “పొద్దుగాల ఐదింటికి పత్తి ఏరవోవాలె సారూ. రొట్టెలు కొట్టుకుంట కూసుంటే కూలి ఎవరిస్తరు? మీ ఇంట్ల రొట్టెలు ఎవరు కొడతరు?” సభ గొల్లున నవ్వింది. కాని ఆ ప్రశ్న చాలా న్యాయమైనది. బండి తిండి పెరగడానికి రుచి ఒక్కటే కారణం కాదు, ఇల్లాలికి తీరిక లేకపోవడం అసలు కారణం. రోజంతా చేలో వంగి, ఇంటికొచ్చి రెండో పూట పొయ్యి ముందు కూర్చోమనడం అన్యాయం. పొయ్యి పని మగవాళ్ళు కూడా పంచుకోవాలి. అది జరగనంతకాలం మాలాంటివారి ఉపన్యాసాలు ఎన్ని విన్నా లాభం లేదు. తైదల పిండి రాత్రే నానబెడితే పొద్దున అంబలి కాచడం పావుగంట పని, ఆ మాత్రం ఎవరైనా చేయవచ్చు. వంద గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో పది దాకా ఉంటే గొప్ప. శనగలో, బొబ్బర్లో రాత్రి నానబెట్టి పొద్దున గుడాలు వేస్తే పిల్లలకు బడి సంచిలో పెట్టవచ్చు. మక్క పేలాలు ఇంట్లోనే వేయించవచ్చు. అవి పొట్లం లోపలి సరుకుకు పెద్దమ్మ కొడుకులే.

తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక విన్నపం. రైతు శిక్షణ తరగతుల్లో సమోసా, బిస్కెట్లు, కూల్ డ్రింకు పంచడం చాలా చోట్ల ఆనవాయితీ అయింది. చిరుధాన్యాల మీద పాఠం చెప్పి, చివర్లో మైదా చేతిలో పెడితే రైతు దేన్ని నమ్ముతాడు? మహిళా సంఘాలవారికి ముందుగా చెబితే గుడాలు, పల్లిపట్టీలు, మజ్జిగ అదే ఖర్చులో తయారవుతాయి.

జొన్న వేద్దామంటే పిట్టల బాధ ఒకటి అడ్డు వస్తున్నది. ఊరంతా పత్తి, వరి ఉండి నడుమ పావెకరం జొన్న వేస్తే గింజ పాలు పట్టగానే ఊరి పిట్టలన్నీ అక్కడే వాలతాయి. ఒంటరిగా వేసినవాడు మరుసటి ఏడు మానేస్తాడు. అందుచేత పక్కపక్క కమతాలవారు ఐదారుగురు మాట్లాడుకుని ఒకే చోట, ఒకే వారంలో, ఒకే రకం విత్తండి. నష్టం పంచుకుంటే ఒక్కొక్కరికి తక్కువే పడుతుంది, కాపలా కూడా వంతులవారీగా పెట్టుకోవచ్చు. యాసంగి జొన్నకు సెప్టెంబరు రెండో పక్షం నుంచి అక్టోబరు నెలాఖరు లోపల అదను. ఎకరాకు నాలుగు కిలోల విత్తనం సరిపోతుంది. ఐదుగురు కలిసి వచ్చి పేర్లిస్తే విత్తనం కోసం ఎక్కడ అడగాలో మీ విస్తరణాధికారి చెబుతారు. అదను దాటకముందే రండి.